లినక్స్‌లో నెట్‌వర్క్ పెత్తనం ఎవరిది?

2023 మార్చి 8, మన గడియారాల్లో ఉదయం 11 గంటల 33 నిమిషాలు. ఇతర కంపెనీల సర్వర్లు సరిగ్గా నడుస్తున్నాయో లేదో కనిపెట్టి చెప్పే డేటాడాగ్ సంస్థలో సొంత మెషీన్లే నెట్‌వర్క్ నుంచి జారిపోవడం మొదలైంది. కాసేపట్లోనే పదుల వేల వర్చువల్ మెషీన్లు మూగబోయాయి. బయటి నుంచి ఎవరూ దాడి చేయలేదు, ఎక్కడా కేబుల్ తెగలేదు. ఆ మెషీన్లలో నడుస్తున్నది ఉబుంటు 22.04. అందులో సిస్టమ్‌డీ అనే మూల సాఫ్ట్‌వేర్‌కు ఒక భద్రతా అప్‌డేట్ రోజూ ఎక్కినట్టే తనంతట తాను ఎక్కింది. దాంతో సిస్టమ్‌డీలో భాగమైన నెట్‌వర్క్‌డీ అనే సేవ ఆగి మళ్లీ మొదలైంది. లేస్తూనే మెషీన్‌లో ఉన్న రూటింగ్ నియమాలను చూసింది. తాను రాయనివి కొన్ని కనిపించాయి. వాటిని తుడిచేసింది.

ఆ నియమాలు పనికిరానివి కావు. కంటెయినర్ల మధ్య రాకపోకలు నడిపే సిలియం అనే మరో సాఫ్ట్‌వేర్ వాటిని రాసింది. అవి పోగానే దారి పోయింది. మరి అంతకుముందు ఇది ఎందుకు బయటపడలేదు? కొత్త మెషీన్ మొదటిసారి లేచినప్పుడు నెట్‌వర్క్‌డీ ముందు లేస్తుంది, సిలియం తర్వాత లేస్తుంది. తుడవడానికి అప్పటికి అక్కడ ఏమీ ఉండదు. నడుస్తున్న మెషీన్‌లో నెట్‌వర్క్‌డీ మళ్లీ మొదలైతే తప్ప ఈ గొడవ కనపడదు. ఆ రోజు అదే జరిగింది. అప్‌డేట్‌కు కేటాయించిన గంట అన్ని చోట్లా ఒకటే కావడంతో వేర్వేరు ఖండాల్లో, వేర్వేరు క్లౌడ్ కంపెనీల్లో ఉన్న మెషీన్లు కూడా ఒకేసారి పడ్డాయి.

లినక్స్ కంప్యూటర్‌లో నెట్‌వర్క్‌ను దేనితో నడపాలన్న చర్చ రెండు దశాబ్దాలుగా సాగుతోంది. నెట్‌వర్క్‌మేనేజరా, నెట్‌వర్క్‌డీనా, నెట్‌ప్లానా, పాత ఇంటర్‌ఫేసెస్ ఫైలే చాలా? ఈ వాదనల్లో ఎక్కువ భాగం ఏది తేలిక, ఏది బరువు, ఏది అందం అన్న దగ్గరే తిరుగుతుంది. డేటాడాగ్ ఉదంతం అసలు ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఒక మెషీన్‌లోని అడ్రసులకు, రూట్లకు యజమాని ఎవరు? ఒకరికి మించి ఉంటే ఒకరి రాతను మరొకరు చెరిపేయకుండా ఆపేది ఎవరు?

కాలువ ఒకటి, లష్కర్లు ఎందరో

ప్యాకెట్‌ను ఎలా పంపాలో కెర్నల్‌కు బాగా తెలుసు. ఏ కార్డుకు ఏ ఐపీ అడ్రస్ పెట్టాలి, బయటికి పోయే దారి ఏది, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్ ఎక్కడుంది, ఏ వైఫైకి ఏ పాస్‌వర్డ్ అన్నవి మాత్రం దానంతట దానికి తెలియవు. కృష్ణా డెల్టాలో కాలువలు, తూములు కట్టి ఉంటాయి. ఏ పూట ఏ తూము ఎంత ఎత్తాలో చూసుకునేది లష్కరు. కెర్నల్ ఆ కాలువ లాంటిది. ఈ వ్యాసంలో వచ్చే సాఫ్ట్‌వేర్లన్నీ లష్కర్లే. వాళ్లు వాడే తలుపుచక్రం కూడా ఒకటే. నెట్‌లింక్ అనే మార్గంలో అందరూ కెర్నల్‌కు చెబుతారు. చెప్పింది ఎవరన్నది కెర్నల్ పట్టించుకోదు, చివరగా చెప్పిన మాటే అమలవుతుంది.

లష్కరు పని కూడా ఒక్కటి కాదు. కార్డును లేపాలి. వైఫై అయితే యాక్సెస్ పాయింట్‌తో తాళంచెవులు మార్చుకోవాలి. డీహెచ్‌సీపీ ద్వారా అడ్రస్ అడిగి తెచ్చుకోవాలి, గడువు తీరకముందే పొడిగించుకోవాలి. రూటు పెట్టాలి, డీఎన్ఎస్ రాయాలి. వీపీఎన్ వస్తే వీటన్నిటినీ మళ్లీ సర్దాలి. ఈ పనులను ఒకే సాఫ్ట్‌వేర్ చేయాలా, ఒక్కో పనికి ఒక్కో చిన్న సాఫ్ట్‌వేర్ ఉండాలా? వాడుకరులు పక్షాలుగా చీలింది మొదట ఈ ప్రశ్న దగ్గరే.

స్క్రిప్టుల కాలం

ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్ 1983 నాటి 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో లోకానికి తెలిసింది. లినక్స్ కూడా అదే పేరుతో తన రూపం తయారు చేసుకుంది. రూట్, ఆర్ప్, నెట్‌స్టాట్ కమాండ్లతో కలిపి దాన్ని నెట్‌టూల్స్ మూటలో పెట్టారు. కంప్యూటర్ లేచేటప్పుడు ఈ కమాండ్లను వరసగా నడిపే స్క్రిప్టే ఆ రోజుల్లో నెట్‌వర్క్ మేనేజర్. రెడ్‌హ్యాట్‌లో ఒక్కో కార్డుకు ఒక ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైలు ఉండేది. డెబియన్‌లో అన్నిటికీ కలిపి ఇంటర్‌ఫేసెస్ అనే ఒకే ఫైలు, దాన్ని చదివి పని చేసే ఇఫ్‌అప్, ఇఫ్‌డౌన్ అనే జంట కమాండ్లు.

ఈ పద్ధతిని ఇప్పటికీ ఇష్టపడేవాళ్లకు కారణం ఉంది. ఫైలును పైనుంచి కిందికి చదివితే ఏం జరుగుతుందో తెలిసిపోతుంది. మెషీన్ లేవగానే స్క్రిప్టు తన పని చేసి పక్కకు తప్పుకుంటుంది, వెనకాల కూర్చుని ఎవరూ ఏమీ మార్చరు. పదేళ్లు ఒకే అడ్రస్‌తో ఒకే రాక్‌లో కదలకుండా ఉండే సర్వర్‌కు అంతకు మించి ఏం కావాలి?

లోపం కూడా ఆ తప్పుకోవడంలోనే ఉంది. ఇఫ్‌అప్ తాను ఏ కార్డును లేపిందో ఒక చిన్న ఫైల్లో రాసుకుంటుంది. ఆ తర్వాత ఎవరైనా ఐపీ కమాండ్‌తో ఆ కార్డు అడ్రస్ తీసేస్తే ఆ సంగతి దానికి తెలియదు. మళ్లీ ఇఫ్‌అప్ అంటే, కార్డు ఇప్పటికే సిద్ధంగా ఉందని జవాబిచ్చి ఊరుకుంటుంది. కాగితం మీద నెట్‌వర్క్ ఉంటుంది, కెర్నల్‌లో ఉండదు. చాలామంది అడ్మిన్లు ముందు ఇఫ్‌డౌన్, ఆపై ఇఫ్‌అప్ అని జంటగా కొట్టడం అలవాటు చేసుకున్నది ఇందుకే. దూరంగా ఉన్న సర్వర్‌లో ఆ రెంటి మధ్య కనెక్షన్ తెగితే రెండో కమాండ్ కొట్టే దారి ఉండదు.

ఇదే కాలంలో కింది పొర మారింది. అలెక్సీ కుజ్నెత్సోవ్ రాసిన ఐపీరూట్2తో ఐపీ అనే ఒకే కమాండ్ వచ్చింది. ఒక కార్డుకు అనేక అడ్రసులు, అనేక రూటింగ్ పట్టికలు, పంపినవారిని బట్టి దారి ఎంచే నియమాలు అన్నీ దానికి అందుబాటులోకి వచ్చాయి. పాత ఐఎఫ్‌కాన్ఫిగ్‌కు వీటిలో కొన్ని కనపడను కూడా కనపడవు. 2017లో డెబియన్ 9 మామూలు ఇన్‌స్టలేషన్ నుంచి నెట్‌టూల్స్‌ను తప్పించింది. అయినా తరగతి గదుల్లో, ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ ఐఎఫ్‌కాన్ఫిగే మొదట వినిపిస్తుంది. ఇది మారాల్సిన అలవాటు. మెషీన్‌లో ఉన్నది ఉన్నట్టు చూపలేని పరికరంతో మొదలుపెట్టిన విద్యార్థి తర్వాత ప్రతి సమస్య దగ్గరా తప్పుదారి పడతాడు.

కార్డుల పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండు కార్డులున్న మెషీన్‌లో ఈ బూట్‌కు ఈత్0 అయినది మరో బూట్‌కు ఈత్1 కావచ్చు. ఫైర్‌వాల్ మెషీన్‌లో లోపలి తీగ, బయటి తీగ తారుమారైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 2013 జనవరిలో వచ్చిన సిస్టమ్‌డీ 197 దీనికి విరుగుడుగా కార్డు ఎక్కడ గుచ్చి ఉందో చెప్పే పేర్లు పెట్టింది. ఈఎన్‌పీ3ఎస్0 అంటే మూడో పీసీఐ బస్సులో సున్నా స్లాట్‌లో ఉన్న ఈథర్‌నెట్ కార్డు. నోరు తిరగని పేరే, కానీ రేపు కూడా అదే పేరు.

ల్యాప్‌టాప్ వచ్చాక

స్క్రిప్టులు ఒక నమ్మకం మీద నడిచాయి. బూట్ అయ్యాక ఏదీ మారదన్నది ఆ నమ్మకం. ల్యాప్‌టాప్, వైఫై కలిసి దాన్ని కూల్చేశాయి. ఇంట్లో ఒక వైఫై, ఆఫీసులో ఒకటి, మధ్యలో రైల్వే స్టేషన్‌లో మరొకటి. మూత వేసి తీసేలోపు ఊరే మారిపోతుంది.

రెడ్‌హ్యాట్ 2004లో మొదలుపెట్టిన నెట్‌వర్క్‌మేనేజర్ దీనికి జవాబు. ఎప్పుడూ మేలుకుని ఉండే సేవ అది. కేబుల్ గుచ్చినా, వైఫై కనిపించినా, యూఎస్‌బీ పెట్టినా గమనించి తగినట్టు సర్దుతుంది. డెస్క్‌టాప్ మూలలో ఉండే చిన్న బొమ్మ డీ-బస్ ద్వారా దానితో మాట్లాడుతుంది. తొలి వెర్షన్లు వాడినవాళ్లకు చేదు అనుభవాలున్నాయి. పాస్‌వర్డ్‌లు యూజర్ ఖాతాతో ముడిపడి ఉండటంతో లాగౌట్ అయితే వైఫై పోయేది. ఇప్పటికీ వినిపించే వ్యతిరేకతలో కొంత ఆ రోజుల జ్ఞాపకమే. 2008 నవంబరులో వచ్చిన 0.7 వెర్షన్ మెషీన్ మొత్తానికి చెందే కనెక్షన్లను, మొబైల్ బ్రాడ్‌బ్యాండ్‌ను తెచ్చింది.

ఆ మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ విలువ తెలియాలంటే అప్పటి మన హాస్టల్ గదుల్లోకి తొంగిచూడాలి. హైదరాబాద్, విజయవాడ ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంటర్నెట్ అంటే ఎక్కువగా యూఎస్‌బీ డాంగిల్. దాన్ని లినక్స్ మెషీన్‌కు గుచ్చగానే అది మోడెమ్‌గా కనిపించేది కాదు. విండోస్ డ్రైవర్లున్న సీడీ డ్రైవ్‌లా కనిపించేది. ముందు యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాని వేషం మార్చాలి. తర్వాత డబ్ల్యూవీడయల్ ఫైల్లో ఫోన్ నంబర్ రాయాలి. జీఎస్ఎం డాంగిల్‌కు *99#, సీడీఎంఏ డాంగిల్‌కు #777. ఆపై యూజర్ పేరు, పాస్‌వర్డ్ నింపి టెర్మినల్‌లో కమాండ్ కొట్టి, అక్షరాలు పారుతుంటే ఊపిరి బిగబట్టి చూడాలి. ఆ టెర్మినల్ మూస్తే నెట్ పోతుంది. ఇదంతా చేయగలిగిన స్నేహితుడు హాస్టల్‌లో ఒక్కడుంటే అతని గది ముందు క్యూ ఉండేది. నెట్‌వర్క్‌మేనేజర్ కొత్త వెర్షన్లలో దేశం పేరు, ఆపరేటర్ పేరు ఎంచుకుంటే చాలు. భారతీయ ఆపరేటర్ల వివరాలు ముందే నింపిన పట్టిక దాని వెంట వచ్చేది. లినక్స్‌ను మామూలు వాడుకరి దగ్గరికి చేర్చిన పనుల్లో దీన్ని పెద్దదిగానే లెక్కించాలి. నెట్‌వర్క్‌మేనేజర్‌లో తెలుగు అనువాద ఫైలు కూడా ఉంది.

పోటీదారులూ వచ్చారు. తేలికగా ఉండాలని పైథాన్‌లో రాసిన విక్డ్ కొంతకాలం బాగా నడిచింది, పైథాన్ 2 యుగం ముగియడంతో డిస్ట్రోల నుంచి తప్పుకుంది. ఇంటెల్ తన మొబ్లిన్ కోసం మొదలుపెట్టిన కాన్‌మాన్ చిన్న పరికరాల్లో నిలబడింది. సెయిల్‌ఫిష్ ఫోన్లలో ఇప్పటికీ అదే ఉంది. డెస్క్‌టాప్‌లో మాత్రం గ్నోమ్, కేడీఈ రెండూ నెట్‌వర్క్‌మేనేజర్‌తోనే మాట్లాడతాయి కాబట్టి అక్కడ వాదన దాదాపు ముగిసింది.

సర్వర్లలో దాని ప్రవేశం వేరే కథ. 2014లో రెడ్‌హ్యాట్ తన డిస్ట్రో ఆర్‌హెచ్ఈఎల్ 7లో సర్వర్లకు కూడా నెట్‌వర్క్‌మేనేజర్‌నే ముందుగా పెట్టినప్పుడు చాలామంది అడ్మిన్లు మొదట చేసిన పని దాన్ని ఆపేయడం. ఆ దారి మెల్లగా మూసుకుపోయింది. ఆర్‌హెచ్ఈఎల్ 8లో పాత స్క్రిప్టులకు కాలం చెల్లిందని ప్రకటించారు. 2025లో వచ్చిన ఆర్‌హెచ్ఈఎల్ 10 ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైళ్లను చదవను కూడా చదవదు. సుసే కూడా అదే బాట పట్టింది. తాను 2014 నుంచి నడిపిన వికెడ్ అనే సేవను పక్కనపెట్టి లీప్ 16లో నెట్‌వర్క్‌మేనేజర్‌కు మారింది.

నెట్‌వర్క్‌డీ, నెట్‌ప్లాన్

2014 ఫిబ్రవరిలో సిస్టమ్‌డీలోకి నెట్‌వర్క్‌డీ చేరింది. టామ్ గుండర్‌సెన్ ప్రధానంగా రాసిన ఈ సేవ సర్వర్లు, కంటెయినర్లు, బొమ్మలు అక్కర్లేని పరికరాల కోసం ఉద్దేశించింది. దాని ఫైలు ఎంత చిన్నదో చూస్తే ఆకర్షణ అర్థమవుతుంది. మ్యాచ్ అన్న శీర్షిక కింద కార్డు పేరు ఒక వరస, నెట్‌వర్క్ అన్న శీర్షిక కింద డీహెచ్‌సీపీ కావాలని ఒక వరస. అంతే, సర్వర్ నడుస్తుంది. బ్రిడ్జిలు, వీల్యాన్లు, బాండింగ్, వైర్‌గార్డ్ వరకు ఇదే శైలి. అమెజాన్ లినక్స్ 2023 దీన్నే వాడుతుంది. వైఫై తాళాలు మాత్రం దీని పని కాదు, దానికి పక్కన మరొకరు ఉండాలి.

స్క్రిప్టుల పక్షం ముందు చెప్పిన వాదనను నెట్‌వర్క్‌డీ కూడా సగం ఒప్పుకుంటుంది. ఫైలు చదివితే విషయం తెలియాలన్నది దాని ఆదర్శం కూడా. తేడా ఒక్కటే, ఇది పని చేసి పక్కకు తప్పుకోదు. ఫైల్లో ఉన్నదానికీ కెర్నల్‌లో ఉన్నదానికీ మధ్య తేడా లేకుండా చూడటం తన బాధ్యత అనుకుంటుంది. డేటాడాగ్ మెషీన్లలో అది చేసినది తన నమ్మకం ప్రకారం సరైన పనే. ఫైల్లో లేనిది కెర్నల్‌లో ఉండకూడదు.

ఉబుంటు వీటి మీద మరో అంతస్తు వేసింది. 2017 అక్టోబరు నాటి 17.10 నుంచి సర్వర్లలో నెట్‌ప్లాన్ వచ్చింది. ఇది లష్కరు కాదు, లష్కరుకు చీటీ రాసిచ్చే గుమాస్తా. యామల్ ఫైల్లో మనకు ఏం కావాలో రాస్తే దాన్ని నెట్‌వర్క్‌డీకో నెట్‌వర్క్‌మేనేజర్‌కో అర్థమయ్యేలా మార్చి ఇస్తుంది. 23.10 నుంచి డెస్క్‌టాప్‌లో బొమ్మ నొక్కి పెట్టుకున్న వైఫై కూడా నెట్‌ప్లాన్ ఫైళ్లలోనే నిలవుంటుంది. క్లౌడ్‌లో మెషీన్ పుట్టగానే దాని నెట్‌వర్క్ వివరాలు బయటి నుంచి నింపాల్సి ఉంటుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతి బాగా కుదిరింది. డెబియన్ క్లౌడ్ ఇమేజ్‌లు కూడా దీన్ని తీసుకున్నాయి.

దీని మీద ఫిర్యాదు కూడా సబబైనదే. తప్పు జరిగితే వెతకాల్సిన చోట్లు పెరిగాయి. యామల్‌లో ఖాళీలు సరిగ్గా ఉన్నాయా, నెట్‌ప్లాన్ ఏ ఫైలు తయారు చేసింది, దాన్ని కింది సేవ ఎలా చదివింది? గేట్‌వే రాసే పాత పద్ధతికి కాలం చెల్లింది, ఇప్పుడు రూట్స్ కింద డిఫాల్ట్ అని రాయాలి. చాలా పాఠాలు ఇంకా పాతదాన్నే నేర్పుతున్నాయి. కానీ నెట్‌ప్లాన్ ట్రై అనే ఒక్క కమాండ్ కోసం దీనికి చాలా క్షమించవచ్చు. మార్పు చేసి 120 సెకన్లలో ఎంటర్ నొక్కకపోతే పాత స్థితికి తనే వెనక్కి పోతుంది. వందల కిలోమీటర్ల దూరంలోని సర్వర్‌కు రూటు మార్చేటప్పుడు ఆ రెండు నిమిషాల భరోసా ఎంతటిదో అడ్మిన్లకు చెప్పక్కర్లేదు.

వైఫై తాళాలు, డీఎన్ఎస్ ఫైలు

పైన ఎవరిని ఎంచుకున్నా వైఫైలో అసలు కష్టం పడేది వేరే సాఫ్ట్‌వేర్. రెండు దశాబ్దాలుగా ఆ పని యౌని మాలినెన్ మొదలుపెట్టిన డబ్ల్యూపీఏ సప్లికెంట్‌ది. 2019లో 1.0కు చేరిన ఇంటెల్ వారి ఐడబ్ల్యూడీ దానికి పోటీ. ఇది చిన్నది, కావాలంటే అడ్రస్ కూడా తనే తెచ్చుకుంటుంది. ఆర్చ్ లినక్స్ ఇన్‌స్టలేషన్ డిస్క్‌లో ఐడబ్ల్యూడీయే ఉంటుంది. నెట్‌వర్క్‌మేనేజర్ కిందా దీన్ని పెట్టుకోవచ్చు. అయితే ఒక చిక్కు. ఎడ్యురోమ్ లాంటి విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లకు యూజర్ పేరు, సర్టిఫికెట్ కావాలి. ఐడబ్ల్యూడీతో అయితే ఆ వివరాలను ఒక ఫైల్లో చేత్తో రాసి పెట్టాలి, కిటికీలో నింపితే కుదరదు. విదేశాల్లో చదువుకుంటూ ఎడ్యురోమ్ మీదే ఆధారపడే విద్యార్థికి ఇవాళ్టికి సప్లికెంటే సుఖం.

డీఎన్ఎస్ దగ్గర కథ మరింత ముదిరింది. ఏ పేరుకు ఏ అడ్రసో ఎవరిని అడగాలో చెప్పేది రిజాల్వ్ కాన్ఫ్ అనే చిన్న ఫైలు. దాన్ని డీహెచ్‌సీపీ క్లయింట్ రాస్తుంది, వీపీఎన్ రాస్తుంది, నెట్‌వర్క్‌మేనేజర్ రాస్తుంది, అడ్మిన్ కూడా రాస్తాడు. విసిగిపోయిన అడ్మిన్లు ఆ ఫైలును ఎవరూ, రూట్ యూజర్ కూడా మార్చలేకుండా చాట్రర్ కమాండ్‌తో బిగించేవారు. లినక్స్‌లో ఒక వస్తువుకు ఎందరో యజమానులుంటే ఏమవుతుందో చూపడానికి ఈ ఒక్క ఫైలు చాలు. సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ ఇందుకు మార్గం చూపింది. ఫైల్లో ఎప్పుడూ 127.0.0.53 అనే ఒకే అడ్రస్ ఉంటుంది, అసలు లెక్క లోపల నడుస్తుంది. ఆఫీసు పేర్లు వీపీఎన్ వైపు, మిగతావి ఇంటి రౌటర్ వైపు పంపడం దీనివల్ల సాధ్యమైంది. ఫైలు తెరిచి అసలు సర్వర్ ఏదో చూసుకునే పాత అలవాటు మాత్రం పనికిరాకుండా పోయింది.

డీహెచ్‌సీపీ క్లయింట్లదీ అస్థిర స్థితే. దశాబ్దాల పాటు అందరూ ఆధారపడిన ఐఎస్‌సీ వారి క్లయింట్‌కు 2022లో ముగింపు పలికారు. నెట్‌వర్క్‌మేనేజర్, నెట్‌వర్క్‌డీ ఎవరిది వాళ్లు లోపలే పెట్టుకున్నారు. పాత పద్ధతిలో ఉన్నవాళ్ల కోసం డెబియన్ డీహెచ్‌సీపీసీడీ వైపు మళ్లింది. భద్రత విషయంలో ఎవరూ గొప్ప చెప్పుకునే పరిస్థితి లేదు. 2018 మే నెలలో రెడ్‌హ్యాట్ మెషీన్లలో నెట్‌వర్క్‌మేనేజర్‌కు తోడుండే డీహెచ్‌సీపీ స్క్రిప్టులో లోపం బయటపడింది. అదే నెట్‌వర్క్‌లో ఉన్న దుర్మార్గుడు దొంగ జవాబు పంపి రూట్ అధికారంతో కమాండ్లు నడిపించగలిగేవాడు. అదే ఏడాది అక్టోబరులో నెట్‌వర్క్‌డీ డీహెచ్‌సీపీ6 భాగంలో మెమరీ లోపం దొరికింది. రెండూ బయటపెట్టింది ఒకే గూగుల్ పరిశోధకుడు.

ఎక్కడ ఏది

ల్యాప్‌టాప్‌కు నెట్‌వర్క్‌మేనేజర్. ఇందులో ఇక పెద్ద తర్కం అక్కర్లేదు. టెర్మినల్ ఇష్టపడేవాళ్లకు దానిలోనే ఎన్ఎంసీఎల్ఐ ఉంది, బాణాల మీటలతో నడిచే ఎన్ఎంటీయూఐ ఉంది. రాస్ప్‌బెర్రీ పై కూడా 2023 అక్టోబరులో డీహెచ్‌సీపీసీడీని వదిలి ఇటే వచ్చింది. బూట్ విభాగంలో సప్లికెంట్ ఫైలు పడేస్తే వైఫై వచ్చేసే పాత చిట్కా దాంతో పని చేయడం మానేసింది. పాత వీడియోలు చూసి పై బోర్డు మొదలుపెట్టే స్కూలు పిల్లలు మొదట తడబడేది ఇక్కడే.

సర్వర్ అయితే నియమం వేరు. ఆ డిస్ట్రో దేన్ని తన సొంతంగా చూసుకుంటుందో దానితోనే ఉండటం మేలు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో నెట్‌వర్క్‌డీ కోసం, ఉబుంటు సర్వర్‌లో ఇఫ్‌అప్‌డౌన్ కోసం పోరాడటంలో దక్కేది తక్కువ. మెషీన్లు వందల్లో ఉంటే ఎన్ఎంస్టేట్ కానీ నెట్‌ప్లాన్ కానీ, అంటే కావాల్సిన స్థితిని రాసి ఇచ్చే పద్ధతి, చేత్తో కమాండ్లు కొట్టడం కంటే ఎంతో నయం. ఒకే కార్డు, మారని అడ్రస్, ఇరవై ఏళ్లుగా తెలిసిన డెబియన్ అయితే ఇంటర్‌ఫేసెస్ ఫైలు ఇప్పటికీ నిండుగా సరిపోతుంది. ఇంటి రౌటర్‌గా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పెట్టుకుంటే ఎంపిక సమస్యే లేదు. అక్కడ నెట్‌ఐఎఫ్‌డీ ఒక్కటే పెద్ద.

కంటెయినర్లు నడిపే మెషీన్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. అక్కడ తప్పనిసరిగా ఇద్దరు లష్కర్లు ఉంటారు. సిలియం, డాకర్ లాంటివి తమ బ్రిడ్జిలు, రూట్లు తామే రాసుకుంటాయి. డిస్ట్రో సేవ వాటి జోలికి పోకూడదని ముందే రాసిపెట్టాలి. నెట్‌వర్క్‌మేనేజర్‌లో అలాంటి కార్డులను అన్‌మేనేజ్డ్‌గా ప్రకటించవచ్చు. నెట్‌వర్క్‌డీలో పరాయి రూట్లను, పరాయి నియమాలను ముట్టుకోవద్దని చెప్పే రెండు వేర్వేరు మీటలున్నాయి.

ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోవడం కష్టం కాదు. ఎన్ఎంసీఎల్ఐ డివైస్ అని కొడితే ఒక్కో కార్డు ఎదుట కనెక్టెడ్ అనో అన్‌మేనేజ్డ్ అనో చూపిస్తుంది. నెట్‌వర్క్‌డీ వైపు నెట్‌వర్క్‌సీటీఎల్ కమాండ్ కూడా అలాంటి వరసే చూపుతుంది. డెబియన్‌ను బొమ్మలు లేకుండా ఇన్‌స్టాల్ చేసి, ఆనక గ్నోమ్ పెట్టుకున్నవాళ్లకు నెట్ నడుస్తూనే ఉన్నా మూలన బొమ్మ మాత్రం పనిచేయని అనుభవం తప్పదు. కారణం, ఇన్‌స్టలేషన్ సమయంలో ఆ కార్డు పేరు ఇంటర్‌ఫేసెస్ ఫైలుకు ఎక్కింది. అది చూసిన నెట్‌వర్క్‌మేనేజర్ ఇది వేరొకరిదని మర్యాదగా చేయి తీసేసింది. ఆ ఫైల్లోంచి ఆ వరసలు తీసి మళ్లీ మొదలుపెడితే బొమ్మ పని చేస్తుంది. పొరపాటు లాగా కనిపించే ఈ ప్రవర్తన నిజానికి చాలా మంచి మర్యాద. నెట్‌వర్క్‌డీ రూటింగ్ నియమాల దగ్గర ఇలాంటి మర్యాదే పాటించి ఉంటే డేటాడాగ్ మెషీన్లు పడేవి కావు.

తేలని సంగతులు

నెట్‌వర్క్ వచ్చింది అంటే ఏమిటి? వినడానికి చిన్న ప్రశ్న, జవాబు ఇప్పటికీ కుదరలేదు. డేటాబేస్ లాంటి సేవలు నెట్ వచ్చాకే లేవాలనుకుంటాయి. దాని కోసం ఇరు పక్షాలూ వేచి ఉండే సేవలు పెట్టాయి. నెట్‌వర్క్‌డీ సేవ తన అధీనంలో ఉన్న కార్డులన్నీ సిద్ధమయ్యేదాకా 120 సెకన్ల వరకు ఎదురు చూస్తుంది. నాలుగు పోర్టులున్న సర్వర్‌లో ఒక్కదానికే కేబుల్ ఉంటే మిగతా మూడింటి కోసం బూట్ రెండు నిమిషాలు ఆగిపోతుంది. నెట్‌ప్లాన్‌లో ఆ మూడింటికీ ఆప్షనల్ అని రాస్తే తీరుతుంది. ఆ మాట ముందుగా తట్టేది ఎవరికి? కార్డు లేవడమా, అడ్రస్ రావడమా, బయటి లోకం పలకడమా అన్నది ఒక్కో సేవ ఒక్కో రకంగా నిర్వచిస్తుంది.

రెండోది డెబియన్ భవిష్యత్తు. ఇఫ్‌అప్‌డౌన్‌ను కొత్త ఇన్‌స్టలేషన్లలో దేనితో మార్చాలన్న చర్చలో నెట్‌వర్క్‌డీ పక్షం, నెట్‌ప్లాన్ పక్షం, ఉన్నదే చాలన్న పక్షం మూడూ బలంగా మాట్లాడాయి. సీడాక్ తయారు చేసే బాస్ లాంటి పంపిణీలకు డెబియనే పునాది కాబట్టి ఆ నిర్ణయం ప్రభుత్వ కార్యాలయాల మెషీన్ల దాకా వచ్చి చేరుతుంది.

మూడోది అన్నిటికంటే లోతైనది. కెర్నల్ ప్రతి రూటు పక్కనా దాన్ని పెట్టింది ఎవరో చెప్పే చిన్న గుర్తు ఉంచుతుంది. ఐపీ రూట్ అని కొడితే ప్రోటో అనే మాట పక్కన డీహెచ్‌సీపీ, స్టాటిక్, కెర్నల్ అని కనిపించేది అదే. అందరూ ఈ గుర్తును నిజాయితీగా రాసి, ఎదుటివారి గుర్తున్నదాన్ని ముట్టుకోకుండా ఉంటే సగం తగవులు పోతాయి. అయితే ఆ గుర్తు సమాచారం మాత్రమే, తాళం కాదు. దాన్ని గౌరవించమని కెర్నల్ ఎవరినీ బలవంతపెట్టదు. నెట్‌వర్క్‌డీలో పరాయి రూట్లను వదిలేయమనే మీటలు కూడా మనం వెళ్లి నొక్కితే తప్ప పని చేయవు. కంటెయినర్ల మెషీన్లు నడిపే ప్రతి బృందం వాటిని తన కాన్ఫిగరేషన్‌లో విడిగా రాసుకోవాలి.